పాఠం 11: పెట్రోలులో బెంజీన్ – నమూనా తీయడం, పరీక్షించడం

11.0 పరిచయం

సూరత్ నగరంలో తెల్లవారుజామున పెట్రోలు బంకు దగ్గర నిలబడితే ఒక దృశ్యం కనిపిస్తుంది. రాత్రి షిఫ్టు ముగించుకొని మగ్గాల షెడ్ల నుండి వచ్చేవారు, ఉదయం షిఫ్టుకు వెళ్ళేవారు, బట్టల తానులు మోసే టెంపోలవారు వరుసగా ఆగుతారు. వారిలో తెలంగాణ జిల్లాల నుండి వెళ్ళి లింబాయత్, ఉధనా వంటి పేటలలో స్థిరపడిన మన తెలుగువారు కూడా ఎందరో ఉంటారు. పెట్రోలు పోసే కుర్రవాడు రోజంతా నాజిల్ పట్టుకొని నిలబడతాడు. పక్కనున్న మరమ్మతు దుకాణంలో మెకానిక్ చేతికి అంటిన గ్రీజును కాస్త పెట్రోలుతో కడుక్కుంటాడు.

ఆ పెట్రోలులో కంటికి కనిపించని పదార్థం ఒకటి ఉంది. దాని పేరు బెంజీన్. అది ఎంతవరకు ఉండవచ్చో ప్రభుత్వం నిర్ణయించింది. అయితే నియమం కాగితం మీద ఉంటే సరిపోదు. బంకులోని పెట్రోలు ఆ నియమానికి లోబడి ఉందో లేదో ఎవరో ఒకరు చూడాలి. చూడాలంటే నమూనా తీయాలి, పరీక్షించాలి. ఆ పని ఎలా జరుగుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

11.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• బెంజీన్ అంటే ఏమిటో, అది ఆరోగ్యానికి ఎందుకు హానికరమో చెప్పగలుగుతారు.
• పెట్రోలులో బెంజీన్ పరిమితి మన దేశంలో ఎలా తగ్గుతూ వచ్చిందో వివరించగలుగుతారు.
• బంకు వద్ద నమూనా తీసే పద్ధతిని వరుసక్రమంలో చెప్పగలుగుతారు.
• నమూనా చెడిపోతే ఫలితం ఎలా తప్పుతుందో లెక్క వేసి చూపగలుగుతారు.
• బెంజీన్‌ను కొలిచే గ్యాస్ క్రోమటోగ్రఫీ సూత్రాన్ని వివరించగలుగుతారు.

11.2 బెంజీన్ అంటే ఏమిటి?

పెట్రోలు ఒకే పదార్థం కాదు. అది వందలాది హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో బెంజీన్ ఒకటి. దీని అణువులో ఆరు కార్బన్ పరమాణువులు ఉంగరంలా కలిసి ఉంటాయి. ఒక్కొక్క కార్బన్‌కు ఒక్కొక్క హైడ్రోజన్ పరమాణువు అంటుకొని ఉంటుంది. 1825లో మైకేల్ ఫారడే దీపాల గ్యాసు నుండి మిగిలిన జిడ్డు ద్రవంలో దీనిని కనుగొన్నాడు. ఇది రంగులేని ద్రవం. 80 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. మామూలు ఎండకే సులభంగా ఆవిరవుతుంది.

బెంజీన్ ప్రధానంగా శ్వాస ద్వారా శరీరంలోకి వెళుతుంది. చర్మం ద్వారా కూడా కొంత ఇంకుతుంది. రక్తకణాలు తయారయ్యేది ఎముక మూలుగలో. బెంజీన్ ఆ మూలుగనే దెబ్బతీస్తుంది. చాలాకాలం పీల్చినవారిలో రక్తహీనత, ఆ తరువాత రక్త క్యాన్సర్ రావచ్చు. 1970 దశకంలో టర్కీలోని ఇస్తాంబుల్‌లో చెప్పులు తయారుచేసే కార్మికులలో రక్త క్యాన్సర్ ఎక్కువగా ఉన్నట్లు వైద్యులు గమనించారు. వారు వాడిన జిగురులో బెంజీన్ ఉండేది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ బెంజీన్‌ను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

మన దేశంలో 2009 నవంబరులో ప్రకటించిన గాలి నాణ్యతా ప్రమాణాల ప్రకారం, ఘనపు మీటరు గాలిలో బెంజీన్ సంవత్సర సగటు 5 మైక్రోగ్రాములు దాటకూడదు. ఒక గ్రామును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం మైక్రోగ్రాము. పరిమితి ఎంత చిన్నదో దీనిని బట్టి ఊహించండి.

11.3 పెట్రోలులో బెంజీన్ ఎందుకు ఉంటుంది?

ముడిచమురులోనే కొంత బెంజీన్ ఉంటుంది. మిగిలినది శుద్ధి కర్మాగారంలో తయారవుతుంది. ఇంజను తట్టుకోకుండా, అంటే 'నాకింగ్' లేకుండా నడవాలంటే పెట్రోలుకు తగినంత ఆక్టేన్ సంఖ్య ఉండాలి. దానిని పెంచడానికి కర్మాగారంలో నాఫ్తాను 'రిఫార్మింగ్' అనే ప్రక్రియకు గురిచేస్తారు. అప్పుడు ఉంగరపు ఆకారం గల ఆరోమాటిక్ పదార్థాలు ఏర్పడతాయి. వాటితోపాటు బెంజీన్ కూడా ఏర్పడుతుంది.

పూర్వం ఆక్టేన్ పెంచడానికి సీసం కలిపేవారు. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుందని తెలిశాక దానిని తొలగించారు. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాలలో సీసం లేని పెట్రోలు మొదలైంది. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా అదే అమలులోకి వచ్చింది. సీసం పోయాక ఆ లోటును ఆరోమాటిక్ పదార్థాలతో పూడ్చితే బెంజీన్ పెరిగే ప్రమాదం ఉంది. ఒక విషాన్ని తీసి మరొకదాన్ని పెట్టినట్లు కాకూడదు కదా! అందుకే సీసాన్ని తీసివేసే కాలంలోనే బెంజీన్‌కు కూడా హద్దు పెట్టారు.

11.4 నియమాలు – సూరత్ ఉదాహరణ

పెట్రోలుకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2796. బెంజీన్ పరిమితిని ఘనపరిమాణంలో శాతంగా చెబుతారు. 1 శాతం అంటే లీటరు పెట్రోలులో 10 మిల్లీలీటర్లు. పరిమితి ఎలా మారిందో చూడండి:

• 2000 ఏప్రిల్ నుండి: దేశంలో గరిష్ఠం 5 శాతం, మహానగరాలలో 3 శాతం.
• 2005 ఏప్రిల్ 1 నుండి: 11 నగరాలలో భారత్ స్టేజ్-3 ఇంధనం. గరిష్ఠం 1 శాతం.
• 2010 ఏప్రిల్ తరువాత: భారత్ స్టేజ్-3 దేశమంతటా విస్తరించింది. 13 నగరాలలో స్టేజ్-4 మొదలైంది.
• 2017 ఏప్రిల్ 1: దేశమంతటా స్టేజ్-4. 2020 ఏప్రిల్ 1: దేశమంతటా స్టేజ్-6. రెండింటిలోనూ బెంజీన్ గరిష్ఠం 1 శాతమే.

2005 నాటి 11 నగరాలలో హైదరాబాదుతోపాటు సూరత్ కూడా ఉంది. అంటే సూరత్ నగరంలోని బంకులో 1 శాతం పరిమితి గల పెట్రోలు అమ్మాలి. నగర పరిధి దాటాక రహదారి మీది బంకులో మాత్రం 2010 వరకు అంతకన్నా సడలింపు గల స్టేజ్-2 పెట్రోలు అమ్మే వీలు ఉండేది. రెండూ చూడడానికి ఒక్కలాగే ఉంటాయి. వాసనలో తేడా తెలియదు. బండి కూడా రెండింటితోనూ నడుస్తుంది. మరి అప్పట్లో నగరంలోని బంకుకు వచ్చినది ఏ పెట్రోలో ఎలా తెలిసేది? పరీక్ష ఒక్కటే మార్గం.

తేడా చిన్నదని అనుకోకండి. 20,000 లీటర్ల ట్యాంకరులో 5 శాతం బెంజీన్ అంటే 1,000 లీటర్లు. 1 శాతం అంటే 200 లీటర్లు. ఒక్క ట్యాంకరుకే 800 లీటర్ల తేడా.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 11.1

1. బెంజీన్ శరీరంలో ముఖ్యంగా దేనిని దెబ్బతీస్తుంది?
2. సీసాన్ని తొలగించినప్పుడు బెంజీన్‌కు కూడా హద్దు ఎందుకు అవసరమైంది?
3. 12,000 లీటర్ల పెట్రోలులో 1 శాతం బెంజీన్ ఉంటే అది ఎన్ని లీటర్లు?

11.5 బంకు వద్ద మనం చేయగల పరీక్షలు చాలవా?

బంకులో రెండు పరీక్షలు అడిగి చేయించుకునే వీలు వినియోగదారునికి ఉంది. మొదటిది వడపోత కాగితం పరీక్ష. శుభ్రమైన కాగితంపై ఒక చుక్క పెట్రోలు వేస్తే అది మరక మిగల్చకుండా ఆరిపోవాలి. మరక మిగిలితే కిరోసిన్ వంటి బరువైన పదార్థం కలిసిందని అనుమానించాలి. బెంజీన్ కూడా పెట్రోలులాగే ఆవిరైపోతుంది. కనుక ఈ పరీక్ష బెంజీన్‌ను పట్టుకోలేదు.

రెండవది సాంద్రత పరీక్ష. హైడ్రోమీటరుతో సాంద్రతను చూసి, పట్టిక సహాయంతో 15 డిగ్రీల విలువకు మారుస్తారు. ట్యాంకరు రసీదులోని విలువకు, దీనికి మధ్య తేడా ఘనపు మీటరుకు 3 కిలోగ్రాములు మించితే అనుమానిస్తారు. ఇది బెంజీన్‌ను పట్టుకుంటుందా? లెక్క వేద్దాం.

ఒక పెట్రోలు సాంద్రత 745 అనుకుందాం. బెంజీన్ సాంద్రత సుమారు 884. ఆ పెట్రోలులో నూటికి ఒక వంతు తీసి, దాని బదులు బెంజీన్ పోశారనుకోండి.

కొత్త సాంద్రత = (0.99 × 745) + (0.01 × 884) = 737.55 + 8.84 = 746.39

తేడా 1.39 మాత్రమే. అది 3 కన్నా తక్కువ. బెంజీన్ 1 శాతం నుండి 2 శాతానికి, అంటే అనుమతించిన దానికి రెట్టింపు అయినా సాంద్రత పరీక్షలో ఆ పెట్రోలు నెగ్గుతుంది! కాబట్టి ఈ రెండు పరీక్షలు కల్తీని పట్టడానికి ఉపయోగపడినా, బెంజీన్ విషయంలో ప్రయోగశాలకు వెళ్ళక తప్పదు.

11.6 నమూనా తీయడం

పెట్రోలు, డీజిల్ సరఫరాలో అక్రమాలను అరికట్టడానికి నిత్యావసర వస్తువుల చట్టం, 1955 కింద కేంద్ర ప్రభుత్వం 2005లో ఒక ఉత్తర్వు జారీచేసింది. ఎవరు తనిఖీ చేయవచ్చో, నమూనాను ఎలా తీయాలో అందులో చెప్పారు. పని ఈ వరుసలో జరుగుతుంది.

(1) పాత్ర: శుభ్రమైన అల్యూమినియం డబ్బాలు వాడాలి. ప్లాస్టిక్ సీసాలు పనికిరావు. వాటిలో స్థిర విద్యుత్తు పుట్టి నిప్పురవ్వ రావచ్చు. పైగా పెట్రోలు కొన్ని రకాల ప్లాస్టిక్‌లోకి ఇంకుతుంది.

(2) కడగడం: గొట్టంలో నిలిచి ఉన్న పాత పెట్రోలు పోయేలా ముందు కొంత పెట్రోలును వేరే పాత్రలోకి తీస్తారు. తరువాత అదే పెట్రోలుతో నమూనా డబ్బాను తొలిచి పారబోస్తారు.

(3) నింపడం: నాజిల్‌ను డబ్బా లోపలికి దించి, నురగ రాకుండా నెమ్మదిగా నింపాలి. పై నుండి ధారగా పోస్తే తేలికైన భాగాలు ఆవిరైపోతాయి. డబ్బాను అంచు వరకు నింపకూడదు. వేడికి పెట్రోలు వ్యాకోచిస్తుంది కాబట్టి పైన కొంత ఖాళీ ఉంచాలి.

(4) మూత, సీలు: వెంటనే బిగించి, కారడం లేదని చూసి, సీలు వేయాలి. చీటీపై తనిఖీ అధికారి, బంకు యజమాని లేదా అతని ప్రతినిధి ఇద్దరూ సంతకం చేయాలి.

(5) పంచడం: పెట్రోలుకు ఒక్కొక్క లీటరు చొప్పున ఆరు నమూనాలు తీస్తారు. రెండు బంకు యజమానికి, రెండు చమురు కంపెనీ లేదా శాఖ వద్ద, రెండు ప్రయోగశాలకు.

(6) గడువు: పది రోజులలోగా ప్రయోగశాలకు పంపాలి. ప్రయోగశాల ఇరవై రోజులలోగా నివేదిక ఇవ్వాలి.

బంకు యజమానికి రెండు డబ్బాలు ఎందుకు ఇస్తారు? అధికారి చేతిలో ఉన్న డబ్బా ఒక్కటే సాక్ష్యమైతే, అది తప్పని యజమాని ఎలా నిరూపించుకోగలడు? తన వద్ద సీలుతో ఉన్న డబ్బా అతనికి రక్షణ. అలాగే అతని ట్యాంకులోకి పెట్రోలు దించినప్పుడు ట్యాంకరు నుండి తీసి దాచిన నమూనాను కూడా తనిఖీ సమయంలో తీసుకొని పరీక్షకు పంపుతారు. ట్యాంకరు నమూనాలో బెంజీన్ ఎక్కువగా ఉంటే లోపం పై నుండి వచ్చినట్లు. ట్యాంకరు నమూనా బాగుండి నాజిల్ నమూనా చెడితే లోపం బంకులో జరిగినట్లు. తప్పు ఎవరిదో తేల్చేది ఈ పోలికే.

11.7 నమూనా చెడితే ఏమవుతుంది?

ఒక ఉదాహరణ చూడండి. 1,000 మి.లీ. పెట్రోలులో 9.6 మి.లీ. బెంజీన్ ఉంది. అంటే 0.96 శాతం. నియమం ప్రకారం ఇది మంచి పెట్రోలే. డబ్బా మూత సరిగా బిగించలేదు. సూరత్ ఎండలో జీపు వెనుక భాగంలో డబ్బా కొన్ని గంటలు ఉంది. బ్యూటేన్, పెంటేన్ వంటి తేలిక భాగాలు 50 మి.లీ. పోయాయి అనుకుందాం. బెంజీన్ వాటికన్నా నెమ్మదిగా ఆవిరవుతుంది. లెక్క సులువు కావడానికి అది అసలు పోలేదని అనుకుందాం.

మిగిలిన ద్రవం = 950 మి.లీ.
బెంజీన్ = 9.6 మి.లీ.
శాతం = (9.6 ÷ 950) × 100 = 1.01

మంచి పెట్రోలు నియమం తప్పినట్లు తేలింది! యంత్రం తప్పు చేయలేదు, పరీక్షకుడూ తప్పు చేయలేదు. మూత వదులుగా ఉంది, అంతే. దీనివలన ఒక నిర్దోషి నేరస్థుడవుతాడు. ఇందుకు వ్యతిరేకంగా కూడా జరగవచ్చు. బెంజీన్ లేని వేరే ద్రవం అడుగున మిగిలిన డబ్బాలో నమూనా పడితే, చెడ్డ పెట్రోలు మంచిదిగా తేలుతుంది. అప్పుడు నష్టపోయేది ఆ పెట్రోలు ఆవిరిని రోజంతా పీల్చే పనివాడు. కనుక గుర్తుంచుకోండి: పరీక్ష ప్రయోగశాలలో మొదలు కాదు, డబ్బా మూత దగ్గర మొదలవుతుంది.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 11.2

1. నమూనా డబ్బాను అంచు వరకు ఎందుకు నింపకూడదు?
2. ట్యాంకరు నమూనాను దాచడం వలన ప్రయోజనం ఏమిటి?
3. ఒక డబ్బా అడుగున 5 మి.లీ. స్వచ్ఛమైన బెంజీన్ మిగిలి ఉంది. అందులో 0.80 శాతం బెంజీన్ గల పెట్రోలు 995 మి.లీ. పోశారు. పరీక్షలో ఎంత శాతం వస్తుంది?

11.8 ప్రయోగశాలలో

డబ్బా రాగానే ముందు సీలు, సంతకాలు, చీటీపై వివరాలు సరిచూస్తారు. సీలు తెగి ఉంటే ఆ నమూనా ఫలితానికి విలువ ఉండదు. తరువాత డబ్బాను చల్లబరచి తెరుస్తారు. చల్లగా ఉంటే ఆవిరి నష్టం తక్కువ.

బెంజీన్‌ను కొలవడానికి ఎక్కువగా వాడేది గ్యాస్ క్రోమటోగ్రఫీ. దీని సూత్రం తేలికైనది. సూరత్ రింగు రోడ్డులోని బట్టల బజారులో వందమంది ఒకేసారి ప్రవేశించారనుకోండి. కొందరు ఎక్కడా ఆగకుండా నడిచిపోతారు. కొందరు ప్రతి దుకాణం ముందూ ఆగుతారు. బజారు చివర నిలబడి చూస్తే ముందు ఆగనివారు, తరువాత కొద్దిగా ఆగినవారు, చివరకు ఎక్కువగా ఆగినవారు విడివిడిగా బయటికి వస్తారు. క్రోమటోగ్రఫీలో బజారు అంటే సన్నని పొడవాటి గొట్టం. దాని లోపలి పూతే దుకాణాలు. సూదితో చుక్క కన్నా తక్కువ పెట్రోలును వేడి గదిలోకి ఎక్కిస్తారు. అది ఆవిరై, హీలియం వంటి వాయువు తోడుగా గొట్టంలో ప్రయాణిస్తుంది. ఒక్కొక్క పదార్థం ఒక్కొక్క సమయానికి బయటికి వస్తుంది. చివర ఉన్న గుర్తింపు సాధనం ప్రతిదానికి ఒక శిఖరం గీస్తుంది. శిఖరం వైశాల్యం ఎంత ఎక్కువైతే ఆ పదార్థం అంత ఎక్కువ.

పెట్రోలులో పదార్థాలు చాలా ఎక్కువ కాబట్టి ఒక ప్రామాణిక పద్ధతిలో రెండు గొట్టాలు వాడతారు. మొదటి గొట్టం పదార్థాలను మరిగే ఉష్ణోగ్రతను బట్టి విడదీస్తుంది. అవసరమైన తేలిక భాగాలు దాటగానే వెనుక మిగిలిన బరువైన భాగాలను వాయువుతో వెనక్కి ఊదివేస్తారు. రెండవ గొట్టం ఆరోమాటిక్ పదార్థాలను మిగిలినవాటి నుండి వేరుచేస్తుంది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. కొన్ని గొట్టాలలో ఇథనాల్, బెంజీన్ శిఖరాలు ఒకదానిపై ఒకటి పడవచ్చు. కనుక ఈ రెండూ విడిగా వచ్చేలా గొట్టాన్ని ఎంచుకోవాలి. పరారుణ కాంతితో కొలిచే పద్ధతి కూడా ఉంది. అది త్వరగా ఫలితం ఇస్తుంది.

సూదిలోకి ప్రతిసారీ సరిగ్గా ఒకే పరిమాణం ఎక్కదు. ఈ దోషాన్ని తొలగించడానికి పెట్రోలులో సహజంగా లేని ఒక ద్రవాన్ని, ఉదాహరణకు మిథైల్ ఇథైల్ కీటోన్‌ను, తెలిసిన కొలతలో కలుపుతారు. దానిని అంతర ప్రమాణం అంటారు. బెంజీన్ శిఖరాన్ని దాని శిఖరంతో పోలుస్తారు.

లెక్క: 1.00 శాతం బెంజీన్ గల ప్రామాణిక ద్రావణంలో రెండు శిఖరాల నిష్పత్తి 0.50 వచ్చింది. నమూనాలో 0.46 వచ్చింది. అయితే,

బెంజీన్ శాతం = (0.46 ÷ 0.50) × 1.00 = 0.92

ఇది పరిమితిలోనే ఉంది. (ఈ అంకెలు అభ్యాసం కోసం తీసుకున్నవి.)

ఏ కొలతలోనైనా స్వల్పమైన తేడా ఉంటుంది. ఒకే నమూనాకు రెండు ప్రయోగశాలల ఫలితాలు అచ్చంగా ఒక్కటి కావు. అందుకే ఫలితం హద్దుకు మరీ దగ్గరగా ఉంటే, దాచిన నమూనా విలువ తెలుస్తుంది.

11.9 మన జాగ్రత్త

పరిమితి 1 శాతం అయినంత మాత్రాన పెట్రోలు నిరపాయకరం కాదు. లీటరులో ఇంకా 10 మి.లీ. వరకు బెంజీన్ ఉండవచ్చు. కనుక:
• పెట్రోలుతో చేతులు కడగవద్దు. సబ్బు, నీరు వాడండి.
• పైపును నోటితో పీల్చి పెట్రోలు తీయవద్దు.
• పెట్రోలు పోసేటప్పుడు గాలి వచ్చే వైపు నిలబడండి. పిల్లలను దూరంగా ఉంచండి.
• ట్యాంకును పొంగేవరకు నింపమని అడగవద్దు.
• పెట్రోలు పడిన బట్టలను వెంటనే మార్చుకోండి.

కృత్యం: ఈసారి బంకుకు వెళ్ళినప్పుడు ఆ రోజు సాంద్రత ఎంతో మర్యాదగా అడిగి మీ నోటుపుస్తకంలో రాసుకోండి. వేర్వేరు రోజుల విలువలను పోల్చండి. పెట్రోలును ముట్టుకోవడం, వాసన చూడడం చేయవద్దు.

11.10 మీరు ఏమి నేర్చుకున్నారు?

• బెంజీన్ ఎముక మూలుగకు హాని చేసి రక్త క్యాన్సర్ కలిగించగల పదార్థం.
• సూరత్, హైదరాబాదులతో సహా 11 నగరాలలో 2005 ఏప్రిల్ 1 నుండి పరిమితి 1 శాతం అయింది. 2010 తరువాత అది దేశమంతటా విస్తరించింది.
• వడపోత కాగితం, సాంద్రత పరీక్షలు బెంజీన్‌ను పట్టుకోలేవు.
• ఆరు నమూనాలు, సీలు, ఉమ్మడి సంతకం, గడువు – ఇవి వినియోగదారుకూ బంకు యజమానికీ ఇద్దరికీ రక్షణ.
• నమూనా సరిగా లేకపోతే ఎంత మంచి యంత్రమైనా సరైన జవాబు ఇవ్వలేదు.

11.11 పాఠాంత ప్రశ్నలు

1. పెట్రోలు నమూనా తీసే విధానాన్ని వరుసక్రమంలో రాయండి.
2. సాంద్రత పరీక్ష బెంజీన్ పెరుగుదలను ఎందుకు చూపలేదో లెక్కతో వివరించండి.
3. అంతర ప్రమాణం అంటే ఏమిటి? దాని అవసరం ఏమిటి?
4. ఒక బంకులో నాజిల్ నమూనాలో 1.6 శాతం, ట్యాంకరు నమూనాలో 0.9 శాతం బెంజీన్ వచ్చింది. మీరు తనిఖీ అధికారి అయితే ఏమని భావిస్తారు? ఆ నిర్ణయానికి ముందు ఏయే విషయాలు సరిచూస్తారు?
5. మీకు తెలిసిన ఒక మెకానిక్‌కు పెట్రోలుతో చేతులు కడగవద్దని చెబుతూ ఐదు వాక్యాలు రాయండి.

11.12 పాఠ్యాంతర్గత ప్రశ్నలకు జవాబులు

11.1
1. ఎముక మూలుగను.
2. ఆక్టేన్ కోసం సీసం బదులు ఆరోమాటిక్ పదార్థాలు పెంచితే బెంజీన్ పెరిగే ప్రమాదం ఉంది.
3. 120 లీటర్లు.

11.2
1. వేడికి పెట్రోలు వ్యాకోచించి డబ్బాపై ఒత్తిడి పెరుగుతుంది, కారవచ్చు.
2. లోపం సరఫరాలో జరిగిందో, బంకులో జరిగిందో తెలుస్తుంది.
3. పెట్రోలులోని బెంజీన్ 7.96 మి.లీ.; డబ్బాలోది 5 మి.లీ.; మొత్తం 12.96 మి.లీ. అంటే సుమారు 1.30 శాతం. మంచి పెట్రోలు చెడ్డదిగా తేలుతుంది.